ఆటల మీది మక్కువను కొలవడం ఎట్లా?

పొడవును స్కేలుతో, జ్వరాన్ని థర్మామీటరుతో కొలుస్తాం. మరి ఒక దేశ ప్రజలకు ఏ ఆటంటే మక్కువో కొలవడం ఎట్లా? అందరినీ అడగనక్కరలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం గదా! అయితే పైమెతుకులే చూస్తే మోసపోవచ్చు. అందుకే ఎవరిని అడగాలో లాటరీ పద్ధతిలో ఎంచుతారు. అలా వెయ్యిమందిని అడిగితే చాలు, కోట్ల జనాభా ఉన్న దేశంలోనైనా తేడా సాధారణంగా 3 శాతం లోపే ఉంటుంది.

చూడటానికి ఏ ఆట ఎక్కువ ఇష్టమని అమెరికాలో గాలప్ సంస్థ 1937లో అడిగింది. 34 శాతం మంది బేస్‌బాల్ అన్నారు, 23 శాతం ఫుట్‌బాల్ అన్నారు. 2023లో ఫుట్‌బాల్‌కు 41 శాతం, బేస్‌బాల్‌కు 10 శాతమే! ప్రశ్న అదే కనుక మారింది అభిరుచేనని చెప్పగలం.

ఇదే ప్రశ్న ఇంగ్లండులో అడిగి, రెండు దేశాల ఫుట్‌బాల్ అంకెలను పోల్చవచ్చునా? ఆగండి! ఇంగ్లండులో అది గుండ్రని బంతిని కాలితో తన్నే ఆట. అమెరికాలో కోలబంతిని చేతితో విసురుతారు, పట్టుకొని పరుగెత్తుతారు. పేరు ఒకటే, ఆటలు వేరు! సెంటీమీటరు ఊరికో పొడవుంటే కొలతలు పోల్చగలమా? ప్రశ్నా అంతే.

మీ బడిలోనూ ఇలాంటి సర్వే చేయండి. ఆటస్థలంలో ఉన్నవారినే అడగకండి. హాజరుపట్టీలోని పేర్లతో చీటీలు వేసి తీయండి!