తల తిరిగితే తీగ: నిగూఢ నుడికట్టు లోగుట్టు

నిగూఢ గళ్ల నుడికట్టులో ఆధారంగా ఇచ్చే వాక్యం పైకి ఏదో సన్నివేశాన్ని వర్ణిస్తున్నట్టు కనిపిస్తూనే, లోపల జవాబును అక్షరం అక్షరంగా కూర్చుకొనే పద్ధతిని చెబుతుంది. మామూలు నుడికట్టు 'తీగ (2)' అని పర్యాయపదం అడిగి ఊరుకొనే చోట నిగూఢ నుడికట్టు 'తల తిరిగితే తీగ (2)' అంటుంది. కళ్లు తిరిగినవారెవరో తీగను ఆసరా చేసుకొన్న దృశ్యం చదువరి మనసులో మెదులుతుంది గాని, ఆధారం కోరేది 'తల' అన్న మాటను వెనుక నుంచి చదవమని మాత్రమే. అలా చదివితే తీగ అనే అర్థమున్న 'లత' వస్తుంది. చివరి అంకె జవాబు ఎన్ని గళ్లలో పడుతుందో తెలుపుతుంది.

గళ్ల నుడికట్టు 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ కూర్పుతో మొదలైనప్పటికీ, దానికి ఈ నిగూఢ రూపం బ్రిటన్‌లోనే అబ్బింది. అక్కడ ఎడ్వర్డ్ పోవిస్ మేథర్స్ అనే కవి, అనువాదకుడు 'టార్కెమాడా' అనే మారుపేరుతో 1926 నుంచి 'అబ్జర్వర్' పత్రికలో పూర్తిగా మాయమాటల ఆధారాలతోనే నుడికట్లు కూర్చాడు. ఆయన తరువాత 'జిమెనీజ్' పేరుతో ఆ పని చేపట్టిన డెరిక్ మెక్‌నట్ 1966లో వెలువరించిన పుస్తకంలో ఈ ఆటకు న్యాయసూత్రాలు ఏర్పరచాడు. వాటి సారం ఇది: ఆధారంలో జవాబు అర్థాన్ని చెప్పే నిర్వచనం ఒకటి, జవాబును కట్టే కూర్పు ఒకటి ఉండాలి, ఈ రెండింటికీ చెందని మాట ఒక్కటీ ఉండరాదు. నిర్వచనం సాధారణంగా వాక్యం మొదట్లోనో చివరనో ఉంటుంది కనుక, పూరించేవారు ముందుగా ఆ రెండు కొసలనే అనుమానించాలి.

కూర్పు రీతులు కొన్నే. 'నవల చెదిరిన కారణంగా (3)' అన్నప్పుడు 'చెదిరిన' అనేది అక్షరాలను కలగాపులగం చేయమనే సూచకపదం. 'నవల'లోని మూడక్షరాల తావులు మారిస్తే 'కారణంగా' అనే అర్థమిచ్చే 'వలన' ఏర్పడుతుంది. 'కలం నడుమ మల్లె మొదలు పెడితే నీట పూసేది (3)' అన్నప్పుడు 'మల్లె మొదలు' చెట్టు మొదలు కాదు, 'మ' అనే తొలి అక్షరం. దాన్ని 'కలం' మధ్య చేరిస్తే 'కమలం' అవుతుంది. 'పాప వనంలో దాగిన గాలి (3)' అన్న ఆధారంలో రెండు మాటల నడుమ ఎడాన్ని చెరిపివేస్తే 'పవనం' కనిపిస్తుంది. 'నోట్లో ఉండేదే సర్కారుకు కట్టేది (2)' అన్నదానిలో కూర్పు బదులు రెండు నిర్వచనాలే ఉండి, రెండూ 'పన్ను'నే చూపుతాయి.

అయితే ఇంగ్లిష్ గడిలో ఒక వర్ణం పడితే తెలుగు గడిలో హల్లు, అచ్చు, ఒత్తు కలిసిన అక్షరం మొత్తం పడుతుంది. ఈ తేడా వల్ల కూర్పరి చేతిలోని సరుకే మారిపోతుంది. 'దసరా', 'సరదా' అనే మాటల్లో ధ్వనులు సరిగ్గా అవే అయినా, దీర్ఘం ఒకచోట 'ర' మీద, మరొకచోట 'ద' మీద ఉన్నందున గళ్ల లెక్కలో ఒకదాన్ని చెదరగొట్టి రెండోదాన్ని పొందడం కుదరదు. అదే 'వికటకవి'ని ధ్వనుల వరుసలో తిరగేస్తే చెడిపోతుంది గాని, అక్షరాల వరుసలో ఎటు చదివినా ఒక్కటే.

ఈ ఆధారాలు మనసును తికమకపెట్టడానికి కారణం చదువు బాగా అలవడడమే. అక్షరాస్యుల మనసు కంటబడిన మాటకు అర్థం చెప్పుకోకుండా ఉండలేదని, 'ఎరుపు' అన్న మాటను నీలి సిరాతో రాసి సిరా రంగు చెప్పమంటే ఆ అర్థమే అడ్డుపడుతుందని జె. రిడ్లీ స్ట్రూప్ 1935లో చూపాడు. నుడికట్టు పూరించేవారు అణచుకోవలసింది సరిగ్గా ఈ అలవాటునే. మాటను అర్థంగా కాక, విడదీసి తిప్పగల వస్తువుగా చూడగలగాలి. బకింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ ఫ్రీడ్‌లాండర్, ఫిలిప్ ఫైన్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ఆటలో ఆరితేరినవారిలో సాహిత్యం చదివినవారికంటే గణితం, కంప్యూటర్ల వంటి రంగాలవారు ఎక్కువగా కనిపించడం ఈ దృష్టితో చూస్తే వింతేమీ కాదు.

జవాబు తట్టినంత మాత్రాన పని పూర్తికాదు. ఆధారంలోని ప్రతి మాట ఏ పని చేసిందో చూపే అన్వయం కుదిరితేనే జవాబు నిలుస్తుంది. నిర్వచనం నుంచి వచ్చిన దారి, కూర్పు నుంచి వచ్చిన దారి ఒకే మాట దగ్గర కలిస్తే వేరే సాక్ష్యం అక్కరలేదు. పదచ్ఛేదం చేసి అన్వయం చెప్పడం తెలుగువారికి శ్లేషకావ్యాల వ్యాఖ్యాతలు ఏనాడో నేర్పిన విద్య. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాన్ని ఒక రకంగా విడదీస్తే రామకథ, మరో రకంగా విడదీస్తే భారతకథ రావడం, ఆ రెండూ నిజమైన అర్థాలే కావడం కవి సాధించిన ఘనత. నిగూఢ ఆధారంలో మాత్రం పైకి వినిపించే కథ ముసుగు. దాన్ని తొలగించడానికి కావలసిన సూచనలన్నీ ఆ ముసుగు మీదే రాసి ఉంటాయి.