వెండితెర మీద మా అమ్మ కుట్టిన పుస్తకం

పిల్లలు ముందుగదిలో సినిమా చూస్తుంటే, మనం వంటింట్లో ఉన్నా ఓ చెవి అటు వేసే ఉంచుతాం కదా! మొన్న వేసవి సెలవుల్లో మావాడు 2018లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ బొమ్మల సినిమా పెట్టుకున్నాడు. పప్పు తాలింపు వేసి వచ్చి చూద్దును కదా, తెరనిండా చుక్కలే చుక్కలు!

"టీవీ పాడైనట్టుందిరా" అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు.

"పాడవలేదమ్మా! పాత కామిక్ పుస్తకాలు చౌక కాగితం మీద ఇట్లా చుక్కలతోనే రంగులేసి అచ్చేసేవాళ్లు. ఆ పుస్తకంలోంచి పుట్టిన కథ అని గుర్తుచేయడానికి కావాలనే పెట్టారు."

ఆరో తరగతి వాడి మాటకు ఆశ్చర్యపోయాను. నిజమే మరి! 1978 నాటి సూపర్‌మ్యాన్ సినిమా మొదలయ్యేదే ఓ పసిచెయ్యి కామిక్ పుస్తకం పేజీ తిప్పడంతో. స్పైడర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీ తన పాత్రల సినిమాలు చాలావాటిలో ఒక్క క్షణం కనిపించి వెళ్లేవారు. ఎన్ని కోట్లు పోసి తీసినా పది సెంట్ల పుస్తకానికి దణ్ణం పెట్టుకుంటారన్నమాట.

"మన సినిమాల్లో ఇట్లాంటివి లేవా అమ్మా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న నన్ను నంద్యాల నుంచి మా పుట్టింటికి, ఆళ్లగడ్డకు లాక్కెళ్లింది.

అమ్మ చెవిలో చెప్పిన మాట

1994లో 'భైరవద్వీపం' వచ్చినప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు. రాకుమారి నిద్రపోతున్న మంచం గాల్లోకి లేచి ఎగిరిపోతుంటే భయపడి అమ్మ కొంగు మొహం మీదికి లాక్కున్నాను. అమ్మ నా చెవిలో, "భయమెందుకే పిచ్చిదానా, ఇదంతా మన చందమామే కదా!" అంది. ఎగిరే గుర్రం, మరుగుజ్జు మనుషులు, బలి కోసం కాచుకున్న మాంత్రికుడు... అన్నీ మేం చదువుకున్నవే.

అమ్మ సరదాగా అన్న మాట అక్షరాలా నిజమని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఆ చిత్రం తీసిన సంస్థ పేరే చందమామ విజయా కంబైన్స్! 1947 జూలైలో చందమామను మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1951లో 'పాతాళభైరవి' తీశారు. ఆ కథకు ఆధారం మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు'. నాగిరెడ్డి గారిది మన పక్కనున్న కడప జిల్లా, దర్శకుడు కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి. 'మాయాబజార్'కు ఆయన దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారే 'భైరవద్వీపం' దర్శకులు. ఆ పేరులోని 'భైరవ' కూడా గురువుగారికి పెట్టిన నమస్కారమే అనిపిస్తుంది నాకు.

అచ్చంగా సూపర్ హీరోల సంగతే తీసుకున్నా, 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మాన్'కూ, 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'లో కుర్రాడికీ బలం వచ్చింది ఆంజనేయుడి నుంచే. 'హనుమాన్'లో సూపర్ హీరోల పిచ్చి పట్టినవాడు విలన్! మన తెర మీద వీరుడు పై నుంచి దిగివచ్చినా, వాడి వేళ్లు మాత్రం అవ్వలు చెప్పిన కథల్లోనే ఉంటాయి.

దబ్బనం, దారం, మైదాపిండి

మా అమ్మ చందమామల పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలు మాత్రం విడిగా తీసి, దబ్బనంతో కుట్టేది. మైదాపిండి ఉడికించి అట్ట అంటించేది. 'రాకాసిలోయ', 'మాయాసరోవరం' నేను అట్లాగే చదివాను. వాటిని రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు అప్పట్లో సీరియల్ మీద ఉండేదే కాదు. అమ్మకు తెలిసింది 'చిత్ర' గారి బొమ్మలే.

నా పెళ్లయ్యాక ఆ పుస్తకాలన్నీ నాకే ఇచ్చింది. మరి నేనేం చేశాను? నంద్యాలలో ఇల్లు మారేటప్పుడు, "ఇంగ్లీషు మీడియం పిల్లాడు, ఎవరు చదువుతార్లే" అనుకుని పాతకాగితాలవాడి తక్కెట్లో పడేశాను. ఆ డబ్బుతో రెండు స్టీలు గిన్నెలొచ్చాయి. బియ్యం డబ్బా కింద ఎత్తుకు పెట్టిన ఒక్కటే మిగిలింది. అమ్మకు చెప్పే ధైర్యం లేక ఇన్నేళ్లూ దాచాను.

వాడి ప్రశ్న తర్వాత ఉండబట్టలేదు. ఆ ఒక్క పుస్తకమూ సంచిలో పెట్టుకుని, వాణ్ని తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారిలో శిల్పుల ఉలి చప్పుడు వినిపించింది. చెక్కేది కొత్త విగ్రహమే, కొలతలు మాత్రం పాత శాస్త్రంవి.

అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పుస్తకం అందుకుని, ఊడిన కుట్టు వేలితో తడిమి, "ఒకటుంది కదా పాపా. దబ్బనం అందుకో" అంది.

మావాడికి ఒత్తులు వస్తే తడబాటే. అవ్వ చదువుతుంటే వింటూ కూర్చున్నాడు. మధ్యలో మాంత్రికుడి బొమ్మ రాగానే ఎగిరి గంతేశాడు.

"అవ్వా, ఇది సినిమాలో మాంత్రికుడి మాదిరే ఉంది!"

"కాదు నాయనా, ఆ సినిమాలోవాడే వీడి మాదిరి ఉంటాడు" అంది అమ్మ.

చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. మీ అటక మీద కూడా ఏ అమ్మో కుట్టిన పుస్తకం ఉండే ఉంటుంది. తక్కెట్లో వేసేముందు ఒక్కసారి దించి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తెరిచి చూడండి. తెర మీది నమస్కారం ఎవరికో వాళ్లకు తెలియాలి కదా!