పీడనపు గదిలో క్రోమోజోములు

రోగిని ఒత్తిడి పెంచిన గాలిలో ఉంచి వైద్యం చేయాలన్న ఆలోచన ఆక్సిజన్ కంటే పాతది. ఇంగ్లండులో హెన్‌షా అనే ఆయన 1662లోనే తిత్తులతో గాలి ఎక్కించే గదిని తలపెట్టాడు. ఆక్సిజన్ సంగతి లోకానికి తెలిసింది మరో 100 ఏళ్లు దాటాకే. 1928లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కన్నింగ్‌హామ్ అనే డాక్టరు 64 అడుగుల ఉక్కు గోళాన్నే ఆసుపత్రిగా కట్టించాడు. అందులో ఉంటే మధుమేహం, క్యాన్సర్ తగ్గుతాయన్నాడు. రుజువులేవని వైద్య సంఘం అడిగితే చూపలేకపోయాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ గోళం తుక్కు కిందకు పోయింది.

ఈ పీడనపు గదికి పరువు తెచ్చింది ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ బూరెమా. పందుల ఒంట్లోంచి ఎర్ర రక్తకణాలను దాదాపుగా తీసేసి, మామూలు గాలి పీడనానికి 3 రెట్ల పీడనంలో ఆక్సిజన్ పీల్పిస్తే అవి బతికాయని 1960లో ప్రకటించాడు. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తపు ద్రవంలో కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లే. ఆ పీడనంలో అది 6 దాకా చేరుతుంది.

అంత ఆక్సిజన్ కణానికి మేలేనా? హ్యామ్‌స్టర్ కణాలను అధిక ఆక్సిజన్‌లో పెంచితే క్రోమోజోములు విరుగుతాయని 1970లలోనే గమనించారు. మరి మనిషిలో? జర్మనీలోని ఉల్మ్‌లో స్పైట్ బృందం 1996లో ఆ ప్రశ్నకే జవాబు వెతికింది. ఆరోగ్యవంతులకు 2.5 రెట్ల పీడనంలో 20 నిమిషాల చొప్పున మూడుసార్లు ఆక్సిజన్ ఇచ్చి, రక్తం తీసి, తెల్లకణాలను గాజుపలక మీద జెల్‌లో పరిచారు. కణాల పొర కరిగించి కరెంటు పెట్టారు. క్రోమోజోముల్లోని డీఎన్‌ఏ చెక్కుచెదరకపోతే ఉన్నచోటే ఉంటుంది. తెగిన ముక్కలు పక్కకు జారి, మైక్రోస్కోప్‌లో తోకచుక్కలా కనబడతాయి. పరీక్షకు వచ్చిన అందరి కణాలకూ తోకలు వచ్చాయి!

నన్ను ఆకట్టుకున్నది ఆ తరువాతి సంగతి. 24 గంటలకు ఆ గాయాల జాడే లేదు. మళ్లీ అదే మోతాదు ఇస్తే కొత్తగా తెగలేదు. తక్కువ సమయంతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే, తొలిసారి కూడా తెగలేదు. ఒక్క దెబ్బకే కణం తన రక్షణ పెంచుకుందన్నమాట.

2020లో ఇజ్రాయెల్ పరిశోధకులు, 60 సార్లు ఈ చికిత్స పొందిన వృద్ధుల రక్తకణాల్లో, క్రోమోజోముల చివరనుండి వయసుతో పొట్టిబడే టెలోమియర్లు 20 శాతానికి పైగా పెరిగాయన్నారు. పాల్గొన్నవారు 35 మందే. పోల్చి చూసేందుకు చికిత్స తీసుకోని బృందం లేదు. ఇంత చిన్న ఆధారం మీద యౌవనాన్ని అమ్మడం తప్పు. కన్నింగ్‌హామ్ కథ మరిచిపోకూడదు.

కార్బన్ మోనాక్సైడ్ విషానికో, మానని మధుమేహపు పుండుకో డాక్టరు ఈ గదికి పంపితే క్రోమోజోముల గురించి బెంగపడకుండా వెళ్లండి. వయసు తగ్గిస్తామని పిలిస్తే మాత్రం, పోల్చి చూసిన పరీక్ష ఏదో చూపమని అడగండి.