దాల్చిన చెట్టులో దాగిన తెల్ల బూజు

బిర్యానీలో వేసే దాల్చిన చెక్క తెలియనివారుండరు. కానీ చెట్ల లోపల కంటికి కనిపించని బ్యాక్టీరియా, బూజులు కూడా కాపురముంటాయి. చెట్టుకు హాని చేయకుండా బతికే వీటిని ఎండోఫైట్లు అంటారు. చెట్టు వాటికి తిండి, నీడ ఇస్తుంది. వాటిలో కొన్ని రోగక్రిములను అడ్డుకుంటాయి.

హోండురాస్‌లోని ఒక దాల్చిన చెట్టులో అమెరికా శాస్త్రవేత్త గ్యారీ స్ట్రోబెల్ బృందానికి మస్కడార్ ఆల్బస్ అనే తెల్ల బూజు దొరికింది. అది వదిలే వాయువులు అనేక బూజులను, బ్యాక్టీరియాను చంపుతాయని 2001లో వెల్లడించారు. ఏ ఒక్క వాయువూ విడిగా అంత పని చేయలేదు, అన్నీ కలిస్తేనే చంపాయి.

మందులకు లొంగని క్రిములు పెరుగుతున్న ఈ రోజుల్లో ఇలాంటి వెతుకులాట ఎంతో అవసరం. అయితే ఇది ల్యాబ్‌లో తేలిన విషయం. దాల్చిన కషాయం యాంటీబయాటిక్‌కు బదులు కాదు. డాక్టర్ రాసిన కోర్సు పూర్తిగా వాడాలి. రాయని మందు మెడికల్ షాపులో అడిగి కొనొద్దు.