గడ్డానికి దెబ్బ తగిలితే దవడ కీలును గమనించండి



చెరువు గట్టు మీద ఆడుకుంటూనో, సైకిలు నేర్చుకుంటూనో, మెట్ల మీద జారో పిల్లలు గడ్డం నేలకు కొట్టుకునేలా పడుతుంటారు. గడ్డం చిట్లితే కుట్లు వేయిస్తాము. గాయం మానగానే మరచిపోతాము. అయితే ఆ దెబ్బ అదురు చెవి ముందున్న దవడ కీలు దాకా పోతుంది.

చెవికి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. అక్కడ కదిలేదే ఆ కీలు. కింది దవడ పెరుగుదలకు అది ముఖ్యమైన చోటు. దెబ్బకు అక్కడి ఎముక విరిగితే కీలులో రక్తం చేరి గడ్డకడుతుంది. కొందరు పిల్లలలో అదే మెల్లగా ఎముకగా మారి, దవడను పుర్రెకు అతికించేస్తుంది. చెవిలో చీము కీలుకు పాకినా, పిల్లలకు వచ్చే కీళ్ళవాతం వల్ల కూడా కీలు పాడవుతుంది.

కీలు బిగిసిన దవడ సరిగా పెరగదు. రెండు వైపులా బిగిస్తే గడ్డం చిన్నదై వెనక్కు పోతుంది. ఒక వైపే బిగిస్తే గడ్డం అటే తిరుగుతుంది. చిత్రమేమంటే, చెడిన వైపు బుగ్గ నిండుగా, బాగున్న వైపు చప్పగా కనబడుతుంది. అందుకే చాలామంది బాగున్న వైపే జబ్బు ఉందనుకుంటారు.

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. బిడ్డ అన్నం ముద్ద నమలలేదు. పళ్ళు తోమడం కుదరక పుచ్చిపోతాయి. దవడ చిన్నదైతే నిద్రలో నాలుక వెనక్కు జారి గురక వస్తుంది, ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది. గ్రహణం వల్లనో, తలరాత అనో ఊరుకోవద్దు.

ఇంట్లోనే చూసే పరీక్ష ఒకటుంది. బిడ్డ తన మూడు వేళ్ళను నిలువుగా ముందు పళ్ళ మధ్య పెట్టుకోగలగాలి. మీ వేళ్ళు కాదు, బిడ్డ వేళ్ళే. గడ్డానికి దెబ్బ తగిలాక కొన్ని నెలలపాటు అప్పుడప్పుడు ఇలా చూడండి. వేళ్ళు పట్టకపోయినా, నోరు తెరిచేటప్పుడు గడ్డం పక్కకు పోతున్నా డాక్టరుకు చూపించండి. గాయమైన కొద్ది రోజులకు దవడ హఠాత్తుగా బిగిస్తే అది ధనుర్వాతం కావచ్చు. క్షణం ఆలస్యం చేయవద్దు.

దెబ్బ తగిలిన వెంటనే ఎక్స్‌రే తీయించి, డాక్టరు చెప్పినట్లు మెత్తని ఆహారం పెడుతూ దవడను త్వరగా కదిలించడం మొదలుపెడితే చాలామందికి కీలు బిగుసుకోదు. బిగుసుకున్నాక ఆపరేషన్ తప్పదు. అతుక్కున్న ఎముకను తీసివేసి, అవసరమైతే పక్కటెముక ముక్కను అక్కడ అమరుస్తారు. నోరు తెరుచుకోదు కనుక మత్తు ఇవ్వడానికి కూడా అనుభవజ్ఞులు కావాలి. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో, ఏలూరు దగ్గర దుగ్గిరాలలోని సెయింట్ జోసెఫ్ దంత కళాశాలలో, భీమవరం విష్ణు దంత కళాశాలలో దవడ శస్త్రచికిత్స విభాగాలున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో ముందుగానే అడగండి.

ఆపరేషన్‌తో పని అయిపోదు. రోజుకు చాలాసార్లు, నెలల తరబడి నోరు తెరిచే వ్యాయామం చేయించాలి. నొప్పికి బిడ్డ ఏడుస్తుంది. జాలిపడి మానేస్తే కీలు మళ్ళీ బిగుస్తుంది. ఆపరేషన్ డాక్టరు చేస్తారు. దాన్ని నిలబెట్టేది మాత్రం ఇంట్లో అమ్మా నాన్నల ఓపికే.