నియాన్ దీపముపై పేటెంటు వివాదము

చిక్కపేటలో ప్రొద్దు గ్రుంకగనే పట్టుచీరల అంగళ్ల నామఫలకములు వెలుగును. మా బడిపిల్లలు ఆ వెలుగుల కన్నింటికిని ‘నియాన్’ అనియే పేరు పెట్టుదురు. నేడు వానిలో పెక్కింట నున్నవి ఎల్.ఇ.డి. దీపములే యని చెప్పినను వినరు. ఆ పేరు వెనుక నొక పేటెంటు వివాదము కలదు. లోకమునకు ముందే తెలిసియున్న దానికి, అనగా పూర్వజ్ఞానమునకు, క్రొత్త హక్కు పొందవచ్చునా యనునదే అందలి ప్రశ్న.

నియాన్ వాయువును 1898లో లండనున రామ్సే, ట్రావర్సులు కనుగొనిరి. గాజుగొట్టములోని పలుచని వాయువునందు విద్యుత్తును ప్రసరింపజేసి వెలుగు పుట్టించుటయు నప్పటికి తెలిసినదే. అమెరికాలో మూర్ అను నతడు నత్రజనితోను బొగ్గుపులుసు వాయువుతోను అట్టి దీపములను చేసి అంగళ్లలో అమర్చియుండెను. ఇక ఫ్రాన్సు దేశీయుడగు జార్జి క్లాడ్, 1910లో పారిసు మోటారు ప్రదర్శనమున నియాన్ గొట్టములను వెలిగించినవాడు, క్రొత్తగా చేసిన దేమి?

చిక్కంతయు ఎలక్ట్రోడులయందు గలదు. విద్యుత్తు తాకిడికి వాని లోహము చిమ్మబడి గాజుపై పొరగా పేరుకొనును. ఆ పొర వాయువును తనలో బంధించును. గొట్టము కొలదికాలములో చెడును. మూర్ దీపమున తరుగుచున్న వాయువును మరల నందించుటకు ప్రత్యేకమైన కవాట ముండెడిది. క్లాడ్ వాయువును మిక్కిలి శుద్ధిచేసి, ఎలక్ట్రోడు వైశాల్యము ఆంపియరు ఒక్కింటికి 1.5 చదరపు డెసిమీటర్లకు మించవలెనని నిర్ణయించెను. ఆ కొలతతో లోహము చిమ్ముట తగ్గి, కవాటము లేకయే గొట్టము చిరకాలము వెలిగెను. 1915లో అమెరికా పేటెంటు లభించినది.

మాక్లెట్ అను సంస్థపై వ్యాజ్యము నడచి, 1928లో రెండవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము ఆ పేటెంటు చెల్లునని తీర్పు చెప్పెను. విడివిడిగా చూచిన గొట్టము పాతది, వాయువు పాతది; ఆ కొలతవలన కలిగిన ఫలితము మాత్రము పాతది కాదు. ఒక్క అంకెకు ఇంత హక్కా యని కొందరికి తోచవచ్చును. నాకును మొదట నట్లే తోచినది.

మన దేశమున దీనికి ఎదురు తీర్పు కలదు. మీర్జాపూరు పాత్రల తయారీలో లేత్ యంత్రమునకు చేసిన మార్పుపై పొందిన పేటెంటును 1978లో సుప్రీముకోర్టు చెల్లదనెను. పనివాని సామాన్య నేర్పునకు అందు మార్పు నూతన కల్పన కాదని దాని భావము.

ఈ భేదము మన వర్తకులకును అక్కరకు వచ్చునదే. భారత పేటెంటు చట్టము 25వ సెక్షను ప్రకారము, ప్రచురితమైన దరఖాస్తుపై పేటెంటు మంజూరు కాకమునుపు ఎవరైనను అభ్యంతరము తెలుపవచ్చును. అప్పుడు తేదీ వేసిన పాత బిల్లు, అచ్చయిన సరకుల జాబితా పూర్వజ్ఞానమునకు సాక్ష్యము కాగలవు. దీపావళికి కొట్టు దులుపునప్పుడు మనవారు మొదట పారవేయునవి అవియే!

క్లాడ్ అమెరికా పేటెంటు 1932లో గడువు తీరినది. అటుపిమ్మట నియాన్ గొట్టము ఎవరైనను చేయగల వస్తువైనది.