కళ్లములోని రాశి ఎవరిది?

ఏమి పండించవలెను, ఎట్లు పండించవలెను, పండినది ఎవరికి చెందవలెను? అర్థశాస్త్రము ఈ మూడు ప్రశ్నలతో మొదలగును. వీనికి బదులు వెదకుటకు తరగతి గదికంటె తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వరిచేను మేలైన చోటు. ఆచారము, అంగడి, సర్కారు అను మూడు ఏర్పాట్లును అక్కడ ఒకే ధాన్యపు రాశిపై ఒకదాని వెనుక ఒకటి చేయి వేసినవి.

తొలుత ఆచారము. నూర్పిడి ముగిసి, తూర్పారబట్టిన పిదప, రాశి ఇల్లు చేరకమున్నే కళ్లములో పంపకము జరిగెడిది. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు కాల్చిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, చాకలికి, మంగలికి ఏటేట కొలిచి యిచ్చు గింజలకు మేర యని పేరు. ఆ యేడు కుమ్మరి ఎన్ని కుండలు చేసెనను లెక్క లేదు. ధర యను మాటయే లేదు. పాలేరు జీతమును ధాన్యమే. ఇది తలచి వెనుకటి కాలమును స్వర్గమని వర్ణించువారు కలరు. ఎవరి మేర ఎంతయో వారి పుట్టుకయే నిర్ణయించెడిదను సంగతిని వారు మరతురు. పైగా రాశి ఉన్నంతవరకే ఆ ఏర్పాటు. 1832-33 నాటి డొక్కల కరవులో గుంటూరు సీమ జనములో సుమారు మూడవ వంతు నశించిరి. కొలుచుటకు గింజయే లేనప్పుడు మేర ఎవరిని కాపాడగలదు?

ఆ కరవు జ్ఞాపకము చల్లారకమున్నే బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టుట 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. (అది 1952లో తెగినది, దాని స్థానమున 1957లో ప్రకాశం బారేజి వచ్చినది.) కాలువ నీటిని తెచ్చుటయే గాక బాటయు నైనది. కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలియుటచే డెల్టా ధాన్యము పడవలో మద్రాసు దాక పోగలిగెను. నిజమునకు అంగడి ఈ తీరమునకు క్రొత్త గాదు: రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నములో 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు గుడ్డల బేరమునకై దిగిరి. కాని బరువైన వడ్లు దూరము పోవుటకు కాలువ కావలసివచ్చెను. 1899 నాటికి బెజవాడ నుండి తెనాలి, బాపట్లల మీదుగా మద్రాసుకు రైలు నడచెను. తరువాత తెనాలి నుండి రేపల్లెకు శాఖ పడినది. తెనాలిలో బియ్యపు మిల్లులు వెలసినవి.

అంతటితో రాశి కథ మారినది. రేపల్లె వడ్ల ధరను రేపల్లె ఆకలి గాక దూరపు పట్టణముల గిరాకి నిర్ణయింపసాగెను. పండిన ఏడు రైతు చేతికి రూపాయి వచ్చెను, అది మేలే. కాని 1930 తరువాతి ఆర్థిక మాంద్యములో ధర పడిపోగా, రూపాయలలో కట్టవలసిన శిస్తుకై మునుపటికంటె ఎక్కువ గింజలమ్మవలసి వచ్చెను. పంట తగ్గకుండనే ఇల్లు గుల్లయగుట అంగడి నేర్పిన క్రొత్త పాఠము.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున సర్కారు రాశి దగ్గరకు వచ్చినది. ధాన్యముపై అదుపులు, పట్టణములలో రేషను. 1952లో రాజగోపాలాచారి ప్రభుత్వము అదుపులనెత్తివేసినను, 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడుటతో సర్కారు మరల నిలిచెను. మద్దతు ధర, మిల్లుల లెవీ వచ్చినవి. లెవీ 2015లో పోయినది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. 2023 జనవరి నుండి ఆహారభద్రత చట్టము క్రింది కార్డుదారులకు బియ్యము ఉచితము.

ఈ మూడు ఏర్పాట్లు ఎట్లు పెనగొనునో ఒక వంగడమే చెప్పును. బాపట్ల వరి పరిశోధన కేంద్రము 1986లో విడుదల చేసిన సాంబ మసూరికి బి.పి.టి. 5204 అని పేరు. ఆ మూడక్షరములును బాపట్లవే. ఊరి పేరు బస్తామీద కెక్కి పరరాష్ట్రములకు పోయినది. మద్దతు ధర కొరకు ప్రభుత్వము వడ్లను సాధారణము, ఏ గ్రేడు అని రెండు తరగతులుగానే చూచును. సన్నని గింజకు అంతకు మించి విలువ కట్టునది బజారే. అందుచే సన్నబియ్యము పట్టణమునకు పోగా, దానిని నాటి, కలుపు తీసిన కూలియింటికి రేషను బియ్యము వచ్చుట కద్దు. ఇది అన్యాయమా, సౌకర్యమా యని విద్యార్థులు వాదించుకొనవచ్చును. కోతయంత్రము వచ్చిన పిదప ఆ కూలికి కళ్లములో గింజరూపమున దక్కు పాలు సయితము సన్నగిల్లినది.

అయినను అసలు చిక్కు కౌలుదారునిది. డెల్టాలో పొలమొకరిది, సేద్యమొకరిది యగుట సామాన్యము. కౌలు తరచుగా నోటిమాట; ఎకరమునకిన్ని బస్తాలని ముందే తేల్చుకొందురు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల చేరువలో తీరము దాటునప్పటికి వరి కోతల కాలము. తేమ నూటికి 17 పాళ్లు మించిన వడ్లను మద్దతు ధరకు కొనుట నిబంధనలకు విరుద్ధము. నోటిమాట కౌలులో తుపానుకు తగ్గింపు దొరకుట భూస్వామి దయపై నుండును.

ఈ బంధమును కాగితమున కెక్కించుటకై 1956లో ఒక చట్టము, 2011లో మరియొకటి, 2019లో ఇంకొకటి వచ్చినవి. చివరి దాని ప్రకారము సాగుదారు హక్కు పత్రము దొరకవలెనన్న పొలము యజమాని ఒప్పుదల కావలెను. భూమి చేజారునను భయముతో సంతకమునకు వెనుదీయు యజమానులు కలరు. పత్రము లేని కౌలుదారునకు బ్యాంకు పంట అప్పు దుర్లభము. నష్టపరిహారము పట్టాదారు పేరనే వ్రాయబడుట కద్దు.